కుందేలు కడుపులో పూసలు

నాలుగు వందల ఎనభై ఒకటో కుందేలును పెద్దక్క చెవి దగ్గర పెట్టుకొని మూడుసార్లు ఊపింది. ఊపిన చేయి గాలిలోనే ఆగిపోయింది.

మధ్యాహ్నం రెండు దాటింది. పైకప్పు రేకుల వేడి అల్లిక గదిలోకి దిగి ఇరవై ఇద్దరు స్త్రీల మెడల మీద కూర్చుంది. సాయంత్రం నాలుగు గంటలకు లారీ వస్తుంది. ఆరు వందల కుందేళ్లు వెళ్లాలి. నాలుగు వందల ఎనభై పెట్టెల్లోకి చేరాయి. మిగిలినవి చెవులు వేలాడేసుకొని బల్ల మీద తమ వంతు కోసం పడి ఉన్నాయి. పంకా తిరుగుతున్నది గాని, అది గాలికన్నా ఊలు నూగునే ఎక్కువగా పంచుతున్నది.

ఆ గదిలో అందరికీ ఆమె పెద్దక్క. కోడలికి మాత్రం అత్తయ్య. యాభై ఆరేళ్ల మనిషి. తక్కినవాళ్లు కొక్కెం సూదితో బొమ్మను అల్లి, దూది కూరి, నడుమ పూసలున్న గిలకడబ్బీ పెట్టి ఆమెకు అందిస్తారు. చివరి రంధ్రం మూసి, దారం కొసను లోపలికి లాగి దాచడం ఆమె పని. మూసిన తరువాత కడుపులో ఏమున్నదో కంటికి కనబడదు గనుక, చెవి దగ్గర మూడుసార్లు ఊపి వినడం ఆ గదిలో మొదటినుంచీ వస్తున్న పద్ధతి. సరుకు కొనే కంపెనీవాళ్లు ఒకసారి వచ్చి ఆ పద్ధతిని చూసి నవ్వుకున్నారు. పదిహేను మంచి బొమ్మల్లో రెండు చెడ్డవి కలిపి ఇచ్చారు. ఆమె కళ్లు మూసుకొని ఆ రెండింటినీ ఏరి బయట పెట్టింది. వాళ్ల నవ్వు ఆగిపోయింది. ఆనాటి నుంచి ప్రతి పెట్టెలోనూ ‘పసిపిల్లలకు క్షేమకరం’ అని అచ్చువేసిన కాగితం ఒకటి ఉంటుంది. దాని కింద ఆమె సంతకం లేనిదే పెట్టె గడప దాటదు. భగవంతుడు ఆమెకు చదువు ఇవ్వలేదు, చెవి ఇచ్చాడు. సంతకం కోడలు నేర్పింది.

డబ్బీలో పూసలు ఆడితే గలగలమంటుంది. ఇప్పుడు వినబడినది గలగల కాదు. దూదిలో కూరుకుపోయిన ఏదో మెత్తగా కదిలింది.

“అత్తయ్యా, అది నాదేగా? ఏమైంది?” ఎదుటి బల్ల నుంచి కోడలు తల ఎత్తింది. “కుట్లన్నీ లెక్కపెట్టుకునే అల్లానే!”

“నీ కుట్లకేం కాలేదులే.”

పెద్దక్క కత్తెర మొనతో తాను వేసిన ముడిని తానే తెంచింది. దూది పైకి లాగగానే డబ్బీ బయటికి వచ్చింది, రెండు చిప్పలుగా విడిపోయి. కందిగింజంత ఎర్రపూసలు ఎనిమిది దూదిలో చిక్కుకొని ఉన్నాయి. ఆమె వాటిని మళ్లీ లోపల కూరి, రంధ్రాన్ని బొటనవేలితో మూసి, పసిబిడ్డ చిగుళ్లతో నమిలినట్టుగా బొమ్మను వేళ్లతో నొక్కింది. నాలుగోసారి నొక్కేసరికి చెవి మొదట్లో, రెండు కుట్ల సందులోంచి, ఒక పూస మెల్లగా పైకి వచ్చి నిలిచింది. కుందేలుకు మూడో కన్ను పుట్టినట్టుంది.

బల్ల మీది కుందేళ్లలో చేతికి వచ్చినవి పది తీసి, ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర ఊపింది. పదీ గలగలమన్నాయి. ఒక్కొక్కదాన్నీ నొక్కింది, మళ్లీ ఊపింది. నాలుగు గొంతు మార్చాయి.

పూర్వం వచ్చే గిలకడబ్బీ అతుకు లేని ఏకాండీ బంతి. బండకేసి కొట్టినా పగిలేది కాదు. కిందటి నెల నుంచి రెండు చిప్పలు నొక్కి బిగించే రకం వస్తున్నది. ధర తక్కువ అన్నారు. ఆ తప్పు యజమానిది. పూస బయటికి వచ్చిన ఆ సందు మాత్రం పెద్దక్క తెరిచినదే.

వారం క్రితం మనిషికి రోజుకు నాలుగు బొమ్మలన్న లెక్కను యజమాని ఆరుకు పెంచాడు. రెండో నంబరు సూదితో చీమ దూరని బిగువుగా అల్లే చేతులకు ఆరు సాధ్యం కాదు. ఆరు కాకపోతే ఆ రోజు కూలిలో సగం కోత. మొదటి రెండు రోజులు గదిలో ఏడుపులే. మూడో రోజు పెద్దక్కే అంది: “మూడో నంబరు సూది పట్టండే. కుట్టు పెద్దదవుతుంది, వరసకు ఆరు కుట్లు తగ్గుతాయి. దూది బయటికి తొంగిచూడకపోతే చాలు, ఎవరడుగుతారు?” సాయంత్రానికి అందరికీ ఆరేసి పూర్తయ్యాయి. ఆ పూట ఆమె చేతిని కళ్లకద్దుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆమె దూదిని గురించి ఆలోచించింది. పూసను గురించి ఆలోచించలేదు. ఏకాండీ బంతుల కాలంలో ఆ ఆలోచన ఎవరికీ అవసరం పడలేదు. దయతో చెప్పిన మాటే ఇప్పుడు ఆరు వందల బొమ్మల ఒంటి మీద సందులై తెరుచుకొని ఉన్నది.

“ఏంటి పెద్దక్కా, చెయ్యి ఆగింది?” సూపర్‌వైజరు వచ్చి నిలబడ్డాడు. మాట కన్న ముందు చేతి గడియారం చూసుకొనే అలవాటు వల్ల ఆడవాళ్లు అతనికి ‘గడియారం’ అని పేరు పెట్టారు. ఒకప్పుడు ఇదే గదిలో ఊలు ఉండలు చుట్టినవాడే.

“ఇలా చూడు నాయనా.”

అతను పూసను చూశాడు, గడియారం చూశాడు. “ఒకటేగా. పక్కన పడెయ్.”

“ఒకటి కాదు. పది నొక్కితే నాలుగు విడిపోయాయి. సందుల్లోంచి పూస బయటికొస్తోంది. పసివాళ్లు చేతికేది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. గొంతుకు అడ్డం పడితే?”

“మరి పెట్టెల్లోవన్నీ విన్నావుగా? విని సంతకాలు పెట్టావుగా?”

“నేను విన్నప్పుడు బాగానే ఉన్నాయి. పసిబిడ్డ నమిలాక ఏమవుతాయో నా చెవికెలా తెలుస్తుంది? పెట్టెలు విప్పించు. పాత బంతులు తెప్పించు. రెండో నంబరుతో మళ్లీ అల్లుతాం.”

“నాలుగింటికి లారీ పెట్టుకుని మళ్లీ అల్లుతారా! నీకు ఎండదెబ్బ గాని తగిలిందా?”

అన్నాడే గాని ఫోను పట్టుకొని వసారాలోకి వెళ్లాడు. గాజు తలుపు వెనుక అతని తల ఊగడం, వంగడం, మళ్లీ ఊగడం అందరూ చూశారు. తిరిగి వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“అయ్యగారు చెప్పారు. ఈ సరుకు వెళ్లిపోవాలి. వచ్చే సరుకుకి పాత బంతులు తెప్పిస్తారట. లారీ ఖాళీగా పోతే కంపెనీ వేరేవాళ్ల దగ్గరికి పోతుంది, ఈ గదికి తాళం పడుతుంది. అంతే సంగతి.” తరువాత ఆమె మీదికి వంగి గొంతు తగ్గించాడు. “ఇంకో మాట. సూది మార్చమన్నది ఎవరని అడిగారు. నేనింకా చెప్పలేదు.”

పెద్దక్క కత్తెరను బల్ల మీద పెట్టింది.

“చెప్పు నాయనా. నేనే మార్చమన్నాను. తప్పే చేశాను. అదే నోటితో డబ్బీలు మార్చింది ఎవరో కూడా చెప్పు.”

ఆ మాట గొంతు తగ్గించి అన్నది కాదు. ఇరవై ఒక్క సూదులు ఒక్కసారిగా ఆగాయి.

ముందుగా లేచింది వాగుడుకాయ. నోటికి విశ్రాంతి ఇవ్వని మనిషి కాబట్టి ఆ పేరు. చేతివేగంలోనూ ఆమె తరువాతే ఎవరైనా.

“అమ్మా తల్లీ! నీ పుణ్యం నువ్వు మూట కట్టుకో, మా కూలి మాకు వదిలెయ్. వారంపాటు మెడలు విరిగేలా అల్లాం. కుందేలు కడుపు కోసి మా కడుపులు కొడతావా?”

“ఆ మాట నిజమే పెద్దక్కా,” అంది వెనుక బల్ల నుంచి ఇంకొకతె, ఏడుపు గొంతుతో. “సూది మార్చమన్నదీ నువ్వే, ఇప్పుడు వద్దన్నదీ నువ్వేనా?”

ఒక కుందేలు అల్లిన కూలికి ఒక రొట్టె వస్తుంది. అదే కుందేలు దూరపు నగరంలో అద్దాల అంగడిలో నలభై రొట్టెల ధర పలుకుతుందని సూపర్‌వైజరే ఒకసారి గర్వంగా చెప్పాడు. ఆ ఒక్క రొట్టె కూడా లేని రోజు ఎలా ఉంటుందో ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. తన ఇంటి సంగతే చూస్తే, మిల్లు మూతబడి కొడుకు అయిదు నెలలుగా ఖాళీ. ముసలి భర్త, కొడుకు, పసిబిడ్డ, తామిద్దరు: అయిదుగురి తిండి రెండు కొక్కెం సూదుల మొనల మీద నిలబడి ఉన్నది.

కోడలు ఇటు వచ్చింది. ఆమె బల్ల పక్కనే ఊలు ముక్కలు పరిచిన అట్టపెట్టెలో ఆరు నెలల కూతురు పడుకొని, తన పిడికిలినే చప్పరించుకుంటున్నది. మొదటి పన్ను వచ్చే వేళ. చేతికి అందిన ప్రతిదాని గమ్యమూ నోరే.

“అత్తయ్యా, మిగిలిన కాగితాల మీద కూడా సంతకం పెట్టెయ్యండి.” ఆమె అత్త ముఖం చూడలేదు. “మీ అబ్బాయికి పని దొరికేదాకా ఇల్లు గడవాలిగా. మనం కావాలని చేశామా ఏంటి? ఎక్కడో, ఎవరికో... అయితే అవుతుంది, లేకపోతే లేదు.”

“నా చెయ్యి రావట్లేదమ్మా.”

“మీ చెయ్యి రాకపోతే ఇంటికి రేపు ఏమొస్తుంది?”

పెద్దక్క కలం తీసి కోడలి ముందు పెట్టింది. కోపంతో కాదు, అలసటతో. “నాకు సంతకం నేర్పినదానివి నువ్వేగా. నా బదులు నువ్వే పెట్టు. నేను కాదనను. చూస్తూ కూర్చుంటాను.”

కోడలు కలం వైపు చూసింది. చేతిని కొంగుకు తుడుచుకొని కలం తీసుకుంది.

“ఎవరు రాస్తే ఏంటి, సంతకం ఒకటేగా!” సూపర్‌వైజరు గబగబా మిగిలిన పెట్టెల కాగితాలు సర్ది ఆమె ముందు పరిచాడు. వాళ్లందరి గుండెల్లోంచి బరువు తీసెయ్యాలని అతనికి నిజంగానే అనిపించినట్టుంది. పట్టీ ఇంకా అంటించని పెట్టెలోంచి ఒక కుందేలును తీసి, నవ్వు తెచ్చుకొని, అట్టపెట్టె మీదికి వంగాడు. “ఊరికే భయపడి చస్తున్నారు. చూడండి, మన బుజ్జమ్మకే ఇస్తున్నా. దా తల్లీ, దా! కుందేలొచ్చింది చూడు!”

గలగలమంది బొమ్మ. పిడికిలి నోట్లోంచి జారింది. పాప రెండు చేతులూ చాచి, ఆ చప్పుడును అందుకోవడానికన్నట్టు నోరు తెరిచింది.

కలం నేల మీద పడింది. కోడలు ఎప్పుడు కదిలిందో ఎవరూ చూడలేదు. కుందేలు అతని చేతిలోంచి ఆమె చేతిలోకి వచ్చేసింది.

“దానికివ్వొద్దు!”

పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

“అదేంటమ్మా?” సూపర్‌వైజరు బిత్తరపోయాడు. “ఇది మంచిదే. మీ అత్తయ్య విని సంతకం పెట్టిన పెట్టెలోదే ఇది.”

కోడలు కుందేలును రెండు అరచేతుల నడుమ పెట్టి, సూదితో గట్టిపడిన వేళ్లన్నీ బిగించి నొక్కింది. లోపల టక్కుమంది. ఆ చప్పుడు వినడానికి ప్రత్యేకమైన చెవి అక్కరలేకపోయింది. అందరూ విన్నారు. మెడ దగ్గర బొటనవేలితో రుద్దింది. సందులోంచి పూస ఒకటి రాలి, సిమెంటు నేల మీద రెండు గెంతులు గెంతి, అతని చెప్పుల మధ్య ఆగింది.

“అన్నా,” అంది కోడలు. “మీ ఇంట్లో ఇస్తారా ఇది?”

అతను గడియారం చూసుకోలేదు. ఫోను తీసి, ఏదో అంకె నొక్కబోయి, ఊరుకున్నాడు.

కోడలు పాపను భుజానికెత్తుకుంది. కలం పడినచోటే ఉన్నది. ఆమె దాన్ని తీయలేదు. “నేను రాయనత్తయ్యా,” అని మాత్రం అని, పాప వీపు నిమరసాగింది.

కిటికీ అవతల లారీ హారను మోగింది. గంట ముందే వచ్చింది. వెనుక బల్లవాళ్లలో ఒకతె మళ్లీ సూది అందుకొని తల వంచి అల్లసాగింది. ఇద్దరు గోడ వైపు తిరిగి ఏడుస్తున్నారు. పెద్దక్క లేచి, తాను సంతకం పెట్టి మూసిన మొదటి పెట్టె దగ్గర కూర్చొని, అంటించిన పట్టీ కింద కత్తెర దూర్చింది. పెట్టె జారి పక్కకు పోయింది. మళ్లీ దగ్గరికి లాక్కుంది. మళ్లీ జారింది.

“మా నోట్లో మట్టి కొట్టావు,” అంటూ వచ్చింది వాగుడుకాయ. “నీ చెవులు పాడైపోనూ. రేపు మా పిల్లలు అన్నమడిగితే నీ ఇంటికే తోలుతాను, చూసుకో.” ఎదురుగా చతికిలబడి, పెట్టె కదలకుండా రెండు మోకాళ్లతో అదిమిపట్టింది. తిట్టడం మాత్రం మానలేదు.