నా తల ఎటు?

నేను ఒక రాతి ముక్కను. జానెడు పొడవు, గుండ్రటి ఒళ్ళు. రాయే కదా అని తేలిగ్గా చూడకండి. మీ ముత్తాతల ముత్తాతలు పుట్టకముందే సముద్రం అడుగున ఒక కొస బంకమట్టిగా, ఇంకో కొస ఇసుకగా పేరుకున్నదాన్ని. ఒక పురుగు నాలో బొరియ తవ్వుకుని హాయిగా కాపురం కూడా చేసింది.

నా నిద్ర చెడగొట్టింది మనుషులే. గోదావరి లంకల పక్కన చమురు కోసం బావి తవ్వుతూ, రెండు కిలోమీటర్ల లోతు నుంచి నన్ను గొట్టంతో కోసి పైకి లాగారు. ఇరుగుపొరుగు ముక్కలన్నీ పొడిపొడి అయిపోగా నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడే ఉద్యోగంలో చేరిన భూగర్భ శాస్త్రవేత్త హైమవతి నన్ను కడిగి, నాలుకతో తాకి చూసింది. అబ్బ, సిగ్గేసింది! రాయి రుచి చూడటం వీళ్ళకు మామూలేనట. అంతలో బల్ల మీంచి దొర్లాను. ఆమె గబుక్కున పట్టుకుని, తిరగేసి పడుకోబెట్టి, ‘పైవైపు’ అని బాణం గుర్తు వేసేసింది. తల్లీ, అది నా కాలు అని అరుద్దామంటే నాకు నోరెక్కడిది?

చమురు పడలేదు. నన్ను పెట్టెలో పెట్టి గోదాములో పడేశారు. హైమవతి మాత్రం పెద్ద పేరు తెచ్చుకుంది. ఏ కాలంలో నేల ఎక్కడ కుంగిందో, సముద్రం ఎందాకా వచ్చిందో రాళ్ళ వరసను బట్టి చెప్పేదట. ఆమె చూపించిన చోట తవ్వితే చమురు పడేదట. గోదాముకు వచ్చేవాళ్ళు చెప్పుకుంటుంటే వినేదాన్ని.

ముప్పై రెండేళ్ళకు పెట్టె తెరుచుకుంది. జుట్టు నెరిసిన హైమవతి, పక్కన ప్రాజెక్టు అధికారి ఇమ్మానుయేలు. కాలం మారిందట. కర్మాగారాల పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టి, తిరిగి భూమిలోకి దింపుతారట. అది ఇసుకరాయిలో నిలవాలంటే పైన బంకమట్టి పొర మూతలా ఉండాలి. నా బాణం ప్రకారం మూత పైనే ఉంది.

“ఇన్నేళ్ళూ భూమిలోంచి తీయడమే చేశానయ్యా. రిటైరయ్యేలోపు ఇదొక్కటి తిరిగి పెట్టి వెళ్తే చాలు,” అంది. ఆ బాణం తప్పని తెలిసింది నాకొక్కదానికే.

భూతద్దంతో చూస్తూ చూస్తూ ఆమె ఆగిపోయింది. పురుగు బొరియ కనబడింది. పురుగు ఎప్పుడూ పైనుంచి కిందికే తవ్వుతుంది. బాణం ప్రకారం చూస్తే నాలో బొరియ నోరు కిందికి ఉంది.

“అయ్యో, నేనే తిరగేసి పెట్టాను! మూత పైన లేదు, అడుగున ఉంది.”

ఇమ్మానుయేలు చుట్టూ చూశాడు. “రేపే సంతకాలండి మేడం. అప్పటోళ్ళెవరూ లేరు. ఈ రాయి సంగతి ఎవరికి తెలుస్తాదండీ?”

“వాయువు పైకొస్తే? పైన ఊళ్ళున్నాయి, ఇమ్మానుయేలూ. పిల్లలు పడుకునే ఇళ్ళున్నాయి.”

“మీ పేరు పోద్దండి.”

“పోనీ” అంది ఆమె. అక్కడే స్టూలు మీద కూర్చుని రాసింది: ‘ఈ చోటు పనికిరాదు. గుర్తు తలకిందులుగా వేసింది నేనే.’ కింద పూర్తి పేరు పెట్టింది. ఇమ్మానుయేలు రెండుసార్లు చదివి, మెల్లగా మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

“ఇటివ్వు. నేనే తీసుకెళ్తాను,” అని ఆమె చెయ్యి చాచింది.

రెండు కిలోమీటర్ల భూమిని కోట్ల ఏళ్ళు నెత్తిన మోసినదాన్ని నేను. ఆ ఒక్క కాగితం పట్టుకుని ఆమె గుమ్మం దాటుతుంటే, నేను మోసింది ఏపాటి అనిపించింది.