రెండో గుడ్డు

తమ్ముడు జిమ్‌లో చేరి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో వాడికి పెరిగినవి మాటలు, సామాను మాత్రమేనని అక్క అభిప్రాయం. చేతి తొడుగులు కొన్నాడు. నడుముకి తోలుపట్టీ కొన్నాడు. నీళ్ళు తాగడానికి రెండు లీటర్ల సీసా కొన్నాడు. కండ ఒక్కటే ఏ దుకాణంలోనూ దొరకలేదు, పాపం.

అసలు చేరింది సోకు కోసం కాదు. పక్షవాతంతో మంచాన పడ్డ నాన్నని పొద్దున కుర్చీలోకి, సాయంత్రం మళ్ళీ మంచం మీదికి చేర్చేది అక్కే. ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్ల మూటలెత్తే మనిషి కాబట్టి నెట్టుకొచ్చింది. మూడు నెలల కిందట వేరే ఊళ్ళోని పెద్ద లాండ్రీ నుంచి ఆమెని సూపర్‌వైజరుగా రమ్మని కబురొచ్చింది. వచ్చే ఒకటో తారీఖున చేరాలి. మూడు నెలలు గడువిస్తే నాన్నని పువ్వులా ఎత్తేస్తానని తమ్ముడు అప్పట్లో మాటిచ్చాడు. వాడి మాటలు కోటలు దాటడం ఆమెకి కొత్తేం కాదు. అయినా నమ్మింది. నమ్మినందుకు ఇప్పుడు తన మీదే తనకి చిరాకు.

జిమ్ మాస్టారు మొదటిరోజే బరువులకన్నా ముందు తిండి సంగతి చెప్పాడట. రోజుకి నాలుగుసార్లు కడుపునిండా తినాలి, గుడ్లు, పప్పు, పాలు మానకూడదు, అప్పుడే ఎత్తే బరువు వారం వారం కాస్త పెంచాలి. పిండి కొద్దీ రొట్టె అన్నమాట. తమ్ముడు బరువుల ముక్క విని తిండి ముక్క వదిలేశాడు. ఒక గుడ్డు తిని రెండోది పక్కకి నెట్టేవాడు. పొట్ట వస్తుందని భయమట. వీపుకి అతుక్కున్న ఆ పొట్ట ఎటునుంచి వస్తుందో వాడికే తెలియాలి. అద్దం ముందు చొక్కా ఎత్తి లేని కండలు లెక్కపెట్టుకునేవాడు. పారేయడం చేతకాని అక్క వాడు వదిలేసిన గుడ్డు, అన్నం, పాలు అన్నీ తిట్టుకుంటూనే తినేసేది.

వాడు చేసేది టైలరు పని. ఊళ్ళోవాళ్ళ కొలతల్లో పావంగుళం తేడా రానివ్వడు. తన జబ్బకి మాత్రం టేపు వదులుగా చుట్టి, అరంగుళం పెరిగిందని వారం వారం ప్రకటించేవాడు.

ఇరవయ్యో తారీఖు పొద్దున అక్క తన యూనిఫాం చొక్కా తెచ్చి కుట్టుమిషను మీద పడేసింది. చేతులు బిగుసుకుపోతున్నాయి, వదులు చెయ్యమంది. వాడు ఆమె జబ్బకి టేపు చుట్టాడు. చూసి, మళ్ళీ చుట్టాడు.

"ఎంత?"

"పదమూడున్నర."

"మరి నీది?"

వాడు టేపు చుట్టి జేబులో పెట్టుకోబోయాడు. అక్కే టేపు లాక్కుని బిగించి కొలిచింది. పదింబావు.

"ఈ మూడు నెలల్లో నాన్నని ఒక్కసారైనా ఎత్తి చూశావా?"

లేదు. ఇనుము ఎత్తాడుగానీ పక్కగదిలో ఉన్న కన్నతండ్రి జోలికి పోలేదు. బలమంతా జిమ్ కోసం దాచుకున్నాడట. అక్కకి ఒళ్ళు మండింది. రెక్క పట్టుకుని నాన్న దగ్గరికి లాక్కెళ్ళింది. మోకాళ్ళు వంచమంది, నాన్నని గుండెకి ఆనించుకోమంది, తను వెనక చెయ్యి అడ్డం పెట్టింది. వాడు జానెడు లేపాడు. నాన్నతో సహా మంచం మీద కూలబడ్డాడు.

నాన్న ఊపిరి తీసుకుని నింపాదిగా అన్నాడు. "దించడం బాగానే వచ్చిందిరా. ఇక ఎత్తడం ఒక్కటే మిగిలింది."

అక్కకి నవ్వు రాలేదు. చేతికందిన ఉద్యోగం ఈ పుల్లచేతుల వల్ల జారిపోతుందేమోనని భయమేసింది.

"ఒకటో తారీఖున నేను వెళ్ళడం ఖాయం. పది రోజులుంది. రెండు పూటలా నాన్నని నువ్వే ఎత్తు, నేను పక్కన పట్టుకుంటాను. నీ బదులు తినడం మాత్రం ఇక నావల్ల కాదు."

కంచం నిండా అన్నం, పప్పు, రెండు గుడ్లు వడ్డించి ఎదురుగా కూర్చుంది. వాడు తలొంచుకుని తిన్నాడు. మొదటి గుడ్డు అయిపోగానే, అలవాటు కొద్దీ అక్క చెయ్యి రెండోదాని మీదికి వెళ్ళింది.

తమ్ముడు దాని మీద అరచెయ్యి కప్పాడు.

మూడు నెలల్లో మొదటిసారి ఆమెకి వాడి మీద కోపం రాలేదు. ఆకలి మాత్రం వేసింది.