రెండో డబ్బా

ఎదుగూ బొదుగూ లేకుండా ఉండాల్సిన కుడివైపు టమాటా మొక్కలు ఎడమవైపు వాటితో సమానంగా ఏపుగా నిలబడటం చూసి పరిశోధకురాలికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

పాలీహౌస్‌లో ఉన్నవి రెండే వరుసలు. రెండింటికీ ఒకటే ఉప్పుదేలిన మట్టి. ఎడమ వరుసకు ఆమె మొక్కల వేళ్ళ దగ్గర వెతికి పట్టుకున్న మేలుచేసే బ్యాక్టీరియా కలిపిన నీళ్ళు పోయాలి. కుడి వరుసకూ అవే నీళ్ళు, కానీ మరిగించి, బ్యాక్టీరియా చచ్చాక చల్లార్చి పోయాలి. తేడా కనబడితేనే ఆ సూక్ష్మజీవి పనిచేసినట్టు. లేదంటే రేపు వచ్చే కమిటీ పరిశోధన ఆపేయమంటుంది. ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"మొక్కలు బాగున్నాయని ఏడ్చేవాళ్ళని నిన్ను తప్ప ఇంకెవర్నీ చూడలేదు," అన్నాడు తోటి ఉద్యోగి.

"నవ్వకు. వీటికెవరో బతికున్న నీళ్ళు పోశారు."

"తాళాలు నీ దగ్గరా, మీ బాబాయ్ దగ్గరేగా ఉండేది?"

ఆమె వెనకగది వైపు చూసింది. పిన్ని పోయాక ఇంట్లో కుమిలిపోతున్న బాబాయ్‌ని ఈ పనిలో పెట్టింది తనే. నీళ్ళు మరిగించడం, పోయడం ఆయన వంతు.

వెనకగదిలోకి వెళ్ళింది. మరిగించే గిన్నె బోర్లించి ఉంది. స్టవ్ బర్నర్ మీద సాలీడు తీరిగ్గా గూడు కట్టుకుంది. బాబాయ్ కుళాయి దగ్గర డబ్బాలు కడుగుతున్నాడు.

"స్టవ్ వెలిగించడం ఎప్పుడు మానేశావు బాబాయ్?"

ఆయన డబ్బా కింద పెట్టాడు.

"రెండు వరుసలూ ఒకటేనని రాసుకుని పోతారు రేపు. నా బ్యాక్టీరియా ఎందుకూ పనికిరాదంటారు. నీతో ఎవరు చేయించారిది?"

"ఎవరూ చేయించలేదు తల్లీ, నేనే. మొదట్లో నువ్వు చెప్పినట్టే మరిగించాను. ఆ వరుస గిడసబారిపోతుంటే చూడలేకపోయాను. మీ పిన్నికి కొత్త మందు పరీక్షలో బిళ్ళలిచ్చారు, గుర్తుందా? వేళ తప్పకుండా నేనే మింగించేవాణ్ణి. మొహంలో కళ వచ్చిందే అనేవాణ్ణి. తను పోయాక చెప్పారు, సగంమందికిచ్చినవి ఉత్త బిళ్ళలట. మీ పిన్ని ఆ సగంలోదట. వాళ్ళననడానికి లేదు, అన్నిటికీ ఒప్పుకునే సంతకాలు పెట్టాం. నీ పని పాడవుతుందనీ తెలుసు నాకు. కానీ పనిచేసే మందు పక్క డబ్బాలోనే ఉండగా, చచ్చిన నీళ్ళు మళ్ళీ నా చేత్తో పోయలేకపోయానమ్మా."