వంకాయరంగు చీర

తొమ్మిదో చీర కుచ్చిళ్లు నడుములో దోపుకుని, పైట ఎడమ భుజాన జార్చి, సుందరయ్య అద్దం వైపు అరచుట్టు తిరిగాడు. ఎదురుగా కూర్చున్న తల్లీకూతుళ్లు నవ్వలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీర కొనవచ్చినవాళ్లు నవ్వరు. యాభై రెండేళ్ల మగవాడి ఒంటిమీద చీరను చూసి, తమకెలా ఉంటుందో ఊహించుకుంటారు. ఇరవై ఆరేళ్లుగా అతని పని అదే. పొట్టిపిల్లను ఏ అంచు పొడుగ్గా చూపిస్తుందో ఆ పిల్లను కన్నతల్లి కంటే అతనికే బాగా తెలుసు.

"మెడకు ఏందన్నా అది?" పక్కన చీరలు మడతపెడుతున్న రోహిణి అడిగింది.

"రంగు దిగింది చెల్లె," అన్నాడు బొంగురుగొంతుతో.

చెవి కింది నుంచి రొమ్ము దాకా నల్లగా, ఊదాగా కమిలి ఉంది. మూడు రోజుల కింద చీరల కట్ట దించుతుంటే మెడలో పుటుక్కుమంది. నరం పట్టిందనుకున్నాడు. మర్నాటికి గొంతు పోయింది, ముద్ద దిగడం కష్టమైంది. ఆ రోజంతా కొత్తగా వచ్చిన వంకాయరంగు చీరలే కట్టి చూపాడు. తెల్లారి చూసుకుంటే మెడనిండా ఆ రంగే. చెమటకు చీర రంగు అంటడం ఈ పనిలో కొత్త కాదు. భార్య ఎస్తేరమ్మ కొబ్బరినూనె పెట్టి రుద్దింది, పోలేదు.

"దవాఖానకు పోదాం పా," అందామె.

"రంగుకు దవాఖానేందే? నాలుగు స్నానాలు చేస్తే పోతది."

గల్లా దగ్గర కడుపులో చల్ల కదలకుండా కూర్చునే యజమాని పట్టాభి ఆ మధ్యాహ్నం లేచి వచ్చాడు. "సుందరయ్యా, నీ మెడ చూస్తే మన చీరలన్నీ రంగు దిగుతాయనుకుంటారయ్యా. ఆ మచ్చ పోయేదాకా నువ్వు పైన గోడౌన్లో ఉండు." తరువాత రోహిణి వైపు తిరిగాడు. "ఆ వంకాయరంగుది ఒకటి బకెట్లో నానెయ్యమ్మా. రంగు దిగితే సరుకంతా వెనక్కి పంపేద్దాం."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. సుందరయ్యకు మెడనొప్పి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది. అద్దం ముందు నిలబడకపోతే తనెవరో అతనికే తెలియదు. మెట్లెక్కుతుంటే తొడ ఎముకలు పీకాయి. రెండుసార్లు కిడ్నీలో రాళ్లు, ఎంత పడుకున్నా తీరని అలుపు, అన్నిటినీ నిలబడి చేసే కొలువు మీదకు నెట్టేసి ఏళ్లు గడిపాడు. పైన కుళాయి దగ్గర బట్టలసబ్బుతో చర్మం మండేదాకా మెడ తోముకున్నాడు.

నాలుగింటికి రోహిణి చాయ్ తెచ్చింది. అతను చీరల కట్టలకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గొంతు మరీ ఉబ్బింది. గుక్క చాయ్ చొక్కా మీదకే తిరిగొచ్చింది.

"రేపటికి పోతదా చెల్లె? కౌంటర్ మీదికి రానిస్తరా?"

ఆమె పట్టాభిని కేకేసింది. ఇద్దరూ కలిసి అతన్ని ఆటో ఎక్కించారు. ఎల్బీనగర్ ఆసుపత్రిలో స్కానింగ్ అయ్యేదాకా ఊపిరి ఉంది. గొంతులోకి గొట్టం వేస్తుండగా ఆగిపోయింది.

కర్మన్‌ఘాట్‌లోని ఇంటి నుంచి ఎస్తేరమ్మ వచ్చేసరికి దుప్పటి కప్పేశారు. డాక్టర్ నెమ్మదిగానే చెప్పాడు. "మెడలో పారాథైరాయిడ్ అని బియ్యపుగింజంత గ్రంథులు నాలుగుంటాయమ్మా. వాటిలో ఒకదానికి గడ్డ లేచి, చిట్లింది. రక్తం లోలోపలే ఛాతీ దాకా దిగి, ఊపిరిగొట్టాన్ని నొక్కేసింది. ఆ గడ్డ ఎముకల్లోని కాల్షియం లాగేస్తుంది, మీరు చెప్పిన ఎముకల నొప్పులు, రాళ్లు కూడా దానివల్లే అయ్యుంటాయి. మెడ కమిలిన రోజే వస్తే బతికేవాడేమో."

"రంగనుకున్నం సారూ," అంది ఎస్తేరమ్మ. పట్టాభి తల దించుకున్నాడు.

మర్నాడు కొట్టు తెరిచాక పట్టాభి చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాడు. కుళాయి కింద బకెట్లో వంకాయరంగు చీర రాత్రంతా నానుతూనే ఉంది. ఒక కొస పట్టి పైకెత్తాడు. బకెట్లో నీళ్లు తాగేటంత తేటగా ఉన్నాయి.