పచ్చగీత జోడీ

మా బామ్మర్ది పిలిస్తే పలికేవాడు. పిలవకపోతే మాత్రం, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు పొద్దస్తమానం మూతి బిగించుకుని ఉండేవాడు. నాకేమో నోరు ఊరుకోదు. అలా సరిపోయింది మా ఇద్దరికీ.

మా పని ఫ్యాక్టరీల్లో పెద్ద పెద్ద ట్యాంకులు కడగడం. ఒకడు నడుముకి తాడు కట్టుకుని లోపలికి దిగి, అడుగున పేరుకున్న మడ్డి గోకుతాడు. ఇంకొకడు పైన మూత దగ్గర తాడు పట్టుకుని కూర్చుంటాడు. మడ్డి కదిలిస్తే ఒక్కోసారి లోపల గాలి చెడుతుంది. లోపలున్నవాడికి ఆ సంగతి తెలిసేసరికే కాళ్లు చచ్చుబడిపోతాయి. అందుకని తొమ్మిదేళ్ల పాటు నిమిషానికోసారి వాణ్ణి పిలిచాను.

"ఒరేయ్, ఉన్నావా, పోయావా?"

"ఉన్నా బావా."

రెండో పిలుపుకి పలక్కపోతే తాడు లాగేయడమే. రెండుసార్లు అలా లాగాను. ఒకసారి నిజంగానే కళ్లు తేలేశాడు. ఇంకోసారి వరసగా తుమ్ములొచ్చి పలకలేకపోయాడట, అంతే. ఆ రోజంతా నా మీద అలిగాడు.

కిందటేడు ఆఫీసువాళ్లకి ఏం పుట్టిందో, ఒక మేడాన్ని పిలిపించారు. మనుషులు నాలుగు రకాలట. దూకుడు, గలగల, నిదానం, ఆచితూచి. ఏ రకానికి ఏ రకంతో పొసగుతుందో, ఏది దేన్ని తొక్కేస్తుందో అన్నీ గీతలు గీసి పెట్టారు. పొసిగితే పచ్చగీత, పొసగకపోతే ఎర్రగీత. మన రకం తేలాలంటే నలభై ప్రశ్నలకి టిక్కులు కొట్టాలి.

"నాదీ నువ్వే కొట్టెయ్ బావా, చూస్తుంటేనే తల తిరుగుతోంది" అన్నాడు మా బామ్మర్ది, టీ ఊదుకుంటూ.

కొట్టాను. పనిలో ఉండగా ఎవరైనా మాటిమాటికీ పిలిస్తే మీకు విసుగొస్తుందా అని ఒక ప్రశ్న వచ్చింది. "ఏరా, నీకు విసుగేనా?" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. 'చాలా' అన్న గడిలో ఇంత పొడుగు టిక్కు పెట్టాను. వాణ్ణి ఉడికిద్దామని. అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు, ఒట్టు.

వారం తర్వాత పట్టిక గోడకెక్కింది. నేను దూకుడు, వాడు నిదానం, మా మధ్య ఎర్రగీత.

"మీ తప్పేం కాదండీ, మీ రకమే అంత" అంది మేడం ఎంతో దయగా. "అతనిలాంటివాళ్లు మీ పక్కన లోలోపల నలిగిపోతారు."

"తొమ్మిదేళ్లుగా నలుగుతున్నాడు మేడం, కిలో కూడా తగ్గలేదు" అన్నాను.

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది. గీత మాత్రం చెరపలేదు. మా బామ్మర్దిని తీసుకెళ్లి మేమంతా మౌనస్వామి అని పిలిచే ముసలాయనతో కలిపింది. నిదానానికి నిదానం, పచ్చగీత.

ఆ టిక్కు నేను కొట్టానని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నేను మనుషుల్ని నలిపేస్తానని అందరి ముందు అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"బావా, ఆయన అసలు పిలవడు" అన్నాడు వాడు సాయంత్రం.

"నువ్వే పిలవరాదూ?"

"నాకు పిలవడం రాదు కదా."

"అయితే హాయిగా, ప్రశాంతంగా ఉండు" అని విసురుగా వచ్చేశాను.

మూడు రోజులు పక్క ట్యాంకు మీద నుంచే వాడికి కేకేశాను. నాలుగో రోజు మౌనస్వామి నావైపు తిరిగి చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. మీ జోడీ, మీ ఇష్టం అనుకుని నోరు కట్టేసుకున్నాను. పదకొండింటికి వాడు లోపలికి దిగడం చూశాను. భోజనాల గంట కొట్టాక మౌనస్వామి తాడు మెల్లగా కదిపాడు. తాడు బరువుగా ఉంది.

పైకి లాగేసరికే వాడి పెదాలు నల్లబడ్డాయి. నేను చెంపలు వాయించాను, చెవిలో అరిచాను. పలకలేదు.

"పిలిస్తే అతనికి విసుగని కాగితంలో ఉందని మేడం అన్నారు" అన్నాడు మౌనస్వామి. "ఇబ్బంది పెట్టకూడదని ఊరుకున్నా."

ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

పదిహేను రోజులకి ఆఫీసు నుంచి వాడి కాగితాలు ఇంటికొచ్చాయి. మా ఆవిడ ఒక్కొక్కటీ చదువుతూ ఆ టిక్కు దగ్గర ఆగింది. తను వాడికి సొంత అక్క, వాణ్ణి ఎత్తుకుని పెంచింది.

"పిలిస్తే విసుగని వీడు రాయడమేంటండీ? బావ గొంతు వినపడుతుంటే లోపల భయం వెయ్యదక్కా అనేవాడు నాతో."

నేను తల వంచుకున్నాను. "అది నేను కొట్టాను. ఉడికిద్దామని."

తను ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండును. కాగితం మడిచి బీరువాలో పెట్టి తలుపేసింది. అప్పట్నుంచి నాతో మాట లేదు.

రోజూ పొద్దున్నే పనికెళ్తూ, గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ వంటింటి వైపు "ఏమే, ఉన్నావా?" అని పిలుస్తాను. గిన్నెల చప్పుడు ఆగుతుంది. జవాబు రాదు. రెండోసారి పిలవడానికి నాకు ధైర్యం చాలడం లేదు.