పిచ్చుక పరుగు

ఆ బడిలో ఆటల టీచరంటే పిల్లలకు ఎంత ప్రాణమో, తోటి టీచర్లకు అంత కంటగింపు. టెక్కు మనిషని పేరు. మెడలో విజిలు వేసుకుని వరండాలో నడుస్తుంటే రాజ్యమంతా తనదే అన్నట్టుండేది. "నేర్పేది గెంతడమేగా తల్లీ, ఎందుకంత గీర?" అని లెక్కల టీచరు ఒకసారి మొహం మీదే అడిగేసింది. "గెంతడం రాని పిల్లకి మీ ఎక్కాలు ఎక్కవులెండి" అని ఈవిడ అంతే చురుగ్గా అంటించింది.

గీర ఊరికే రాలేదు. బడి వెనక ఆటస్థలం బొత్తిగా చిన్నది. మూడు వైపులా మేడలు, కింద గచ్చు. పిల్లలు రాకముందే వచ్చి, ఆ గచ్చంతా వంగి వంగి చూసుకుంటూ తిరిగేది. మేకు కనిపిస్తే ఏరేది, గాజుపెంకు దొరికితే మేడల కిటికీల వైపు చూసి నాలుగు తిట్టేది, కుళాయి దగ్గర తడి ఉంటే తనే గుడ్డ పట్టి తుడిచేది. బూటు లేసు ఊడిన పిల్ల ఆమె కళ్లు కప్పి గీత దాటలేదు. ఎండ ముదిరితే ఆట ఆపి నీళ్లు తాగించేది. ఐదో తరగతి గడుగ్గాయిల్ని ఒకటో తరగతి పసివాళ్లతో కలిపి ఎప్పుడూ పరిగెత్తించలేదు. ఆమె చేతి కింద ఏ పిల్లా మోకాలు దోక్కుపోవడం కన్నా పెద్ద దెబ్బతో ఇంటికి వెళ్లలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా తనే చెప్పుకునేది కూడా.

అలాంటి మనిషికి మూడో తరగతి పిచ్చుక ఒక్కతే కొరుకుడు పడలేదు.

పిచ్చుకన్నది ముద్దుపేరు. గుప్పెడంత మనిషి, సన్నటి కాళ్లు. పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. బడిలో చేర్చిన రోజే వాళ్లమ్మ పెద్ద టీచరమ్మతో ఖరాఖండీగా చెప్పేసింది, మా పిల్లని ఆటలకి పంపొద్దని. పెద్ద టీచరమ్మ కూడా గుండెల మీద బరువు దిగినట్టు "అలాగేనమ్మా" అంది. ఊపిరాడనప్పుడు పీల్చుకునే మందు ఆఫీసు గదిలో బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇక పిచ్చుక పని, అందరూ ఆడుకుంటుంటే మెట్ల మీద కూర్చుని నీళ్లసీసాలకి కాపలా కాయడం.

అయితే పిట్ట కొంచెం, కూత ఘనం. మెట్ల మీద నుంచే ఆటంతా నడిపేది. "గీత తొక్కావు! నేను చూశా! అవుటే!" అని అరిస్తే ఆ చివర ఉన్నవాడు కూడా మారుమాట లేకుండా పక్కకి తప్పుకునేవాడు. అన్ని ఆటల నియమాలూ ఆమెకు కంఠతా వచ్చు. ఒకరోజు ఓడిపోయిన పిల్ల ఒకతె ఉక్రోషం పట్టలేక, "ఆడనిదానివి, నీకెందుకే?" అనేసింది. పిచ్చుక నోరు టక్కున మూతపడింది. ఆ పూటకేలే అనుకుంది ఆటల టీచరు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పిల్ల సీసాల మధ్య సీసాలా కూర్చుంది. ఆ మౌనం ఆటల టీచరుకి కంట్లో నలుసైంది. సాయంత్రం బడి వదలగానే నేరుగా పిచ్చుక వాళ్లమ్మ కుట్టుకొట్టుకు వెళ్లింది.

ఇరుకు సందులో ఒంటి గది కొట్టు. మెషీను మీద సగం కుట్టిన జాకెట్టు, నేల నిండా గుడ్డముక్కలు. పిచ్చుక తల్లి తల ఎత్తకుండానే సంగతంతా విని, సూది దగ్గర దారం పళ్లతో కొరికి, అప్పుడు చూసింది.

"టీచరుగారూ, మీరు మంచివారే, కాదన్ను. కానీ రాత్రుళ్లు దాని పక్కన కూర్చుని, ఆ ఈల లాంటి ఊపిరి వింటూ తెల్లవార్చేది నేనండీ. మీరు కాదు."

 ఆటల టీచరు వంగి, కాళ్ల దగ్గరి గుడ్డముక్కలు నాలుగు ఏరి మెషీను పక్కన పెట్టింది.

"నిజమేనమ్మా" అంది. "నాకు తెలిసింది సగమే. పిల్లని తీసుకుని డాక్టరు గారి దగ్గరికి కలిసే వెళ్దాం. ఆయన వద్దంటే ఈ మాట మళ్లీ ఎత్తను, ఒట్టు."

డాక్టరు వద్దనలేదు. రోజూ వాడే మందు మానకుండా వేస్తే, ఒళ్లు నెమ్మదిగా వేడెక్కించి మొదలుపెడితే, ఆయాసం అనిపించగానే ఆపితే, పిల్ల నిక్షేపంగా ఆడుకోవచ్చన్నాడు. ఆడితే మంచిదే అన్నాడు కూడా. బడిలో మందు ఎక్కడుంటుందో అడిగి తెలుసుకుని నొసలు ముడిచాడు. "కానీ మందు బీరువాలో ఏమిటమ్మా? ఊపిరాడని పిల్ల తాళంచెవి వచ్చేదాకా ఆగుతుందా? చేతికందేలా ఉండాలి. చుట్టూ ఉన్నవాళ్లకి ఏం చెయ్యాలో తెలిసుండాలి."

తిరుగుదారిలో తల్లి సందు మొదట్లో ఆగి, "సరే. చూడండి మరి" అంది. ఆ "సరే" వెనక ఎంత భయం ఉందో ఆటల టీచరుకి అర్థమైంది.

పెద్ద టీచరమ్మ బీరువా తాళం తియ్యడానికి ముందు ఒక ప్రశ్న వేసింది. "రేపేదైనా అయితే బాధ్యత ఎవరిది?"

"నాదే" అంది ఆటల టీచరు, రొమ్ము విరిచి.

"బాగుంది. ఆ క్షణాన నువ్వక్కడ లేకపోతే?"

ఆ ప్రశ్న ఆమెను ఇంటిదాకా వెంటాడింది. ఎంత కంటికి రెప్పలా కాసినా రెప్ప ఎప్పుడో ఒకప్పుడు వాలుతుంది కదా. అన్నం ముందు కూర్చుని ఆలోచించి ఆలోచించి, ఒక నిర్ణయానికొచ్చింది. తను లేనప్పుడు కూడా ఎప్పుడూ పిచ్చుక పక్కన ఉండేది ఎవరు? మూడో తరగతి.

వాన పడి బయటికి వెళ్లలేని రోజున బెంచీలు పక్కకి జరిపి ఆ పాఠం మొదలుపెట్టింది. ఊపిరాడని మనిషిని పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి. చుట్టూ మూగకూడదు. ఒకరు మందు తేవాలి, ఒకరు పెద్దవాళ్లకోసం పరిగెత్తాలి. ఏడవకూడదు, ఏడిపించకూడదు. మందు ఉన్న నారింజరంగు సంచిని వెనక తలుపు పక్కన, పిల్లల చెయ్యి అందే ఎత్తులో కొక్కేనికి తగిలించింది. పిచ్చుకని కుర్చీ ఎక్కించి, "ఇవాళ టీచరు ఇదే" అంది.

గడబిడ అని ఒక పిల్లాడున్నాడు, కుదురన్నది లేనివాడు. రోగి వేషం తనకే కావాలని గొడవ చేసి, ప్రతిసారీ కళ్లు తేలేసి నేలమీద పడి ప్రాణాలు వదిలేసేవాడు. "ఒరేయ్, చచ్చిపోవడం ఇందులో లేదురా, లే!" అని పిచ్చుక కుర్చీ మీద నుంచి గదమాయించేది. తరగతి గొల్లున నవ్వేది. నవ్వుతూనే నేర్చుకున్నారు.

పిచ్చుక మొదట గోడ వెంబడి నడిచింది. తర్వాత చకచకా నడిచింది. ఆయాసమొస్తే మెట్ల మీద కూర్చునేది, తగ్గితే లేచేది. కూర్చున్నందుకు ఎవరూ ఏమీ అనలేదు. అంటే ఆటల టీచరు ఊరుకోదని అందరికీ తెలుసు. కొన్నాళ్లకు తొక్కుడుబిళ్ల ఆడింది. ఇంకొన్నాళ్లకు ఒకణ్ణి తరిమి పట్టుకుంది. మెట్ల మీద నుంచి వినిపించే ఆ గొంతు ఇప్పుడు గచ్చు మధ్య నుంచి వినిపిస్తుంటే, ఆటల టీచరుకి విజిలు వెయ్యాలన్న సంగతే గుర్తుండేది కాదు.

అంతలో పక్క మేడవాళ్లు పాత గోడ ఒకటి పడగొట్టించారు. ఎవరికీ చెప్పలేదు, చేయలేదు. ఆట మధ్యలో గోడ దబ్బున కూలి, దుమ్ము మబ్బులా లేచి ఆటస్థలం మీద పడింది. సరిగ్గా అప్పుడే ఆటల టీచరు లోపల ఉంది. ఒక పిల్లాడికి ముక్కు నుంచి రక్తం కారుతుంటే, లెక్కల టీచర్ని కాసేపు చూడమని చెప్పి, వాణ్ణి వరండా చివరి కుళాయి దగ్గర కూర్చోబెట్టి ముక్కు నొక్కి పట్టుకుంది. బడి ఆయా వచ్చి వాణ్ణి అందుకునేలోపే ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. "టీచర్, పిచ్చుకకి ఊపిరాడట్లేదు!"

 ఆ వరండా అంత పొడవని ఆమెకు ఎప్పుడూ తెలియదు. వెనక తలుపు చేరేసరికి చూపు ముందు కొక్కెం మీద పడింది. సంచి లేదు.

సంచి ఇప్పుడు ఉండాల్సిన చోటే, పిచ్చుక ఒళ్లో ఉంది. దుమ్ము తగలని తలుపు లోపలి పక్కన పిచ్చుక నిటారుగా, కొంచెం ముందుకు వంగి కూర్చుని, మందు గొట్టం నోట పెట్టుకుని పీలుస్తోంది. పక్కన గొంతుక్కూర్చున్న గడబిడ, వాడికి అంత మెత్తటి గొంతు ఉందని ఎవరికీ తెలియదు, "మెల్లగా... మెల్లగా... ఇంకోసారి" అంటున్నాడు. మిగతా మూడో తరగతి వాళ్లు అటు తిరిగి, చేతులు బార్లా చాపి, చూడ్డానికొచ్చిన పెద్ద తరగతుల పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా నిలబడ్డారు. లెక్కల టీచరు తలుపు మూసి దుమ్ముకి అడ్డం నించుంది. "నేను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్దామని వచ్చేసరికే వీళ్లు నడిపించుకొచ్చేశారు" అంది. "నన్ను కూడా దూరం జరగమన్నారు."

ఆటల టీచరుకి చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. పిచ్చుక ఎదురుగా కూర్చుని ఆ ఊపిరి వింది. ఈల సన్నబడింది, పెదవులకి రంగొచ్చింది, పిల్ల తలెత్తి మాట్లాడింది. "తగ్గింది టీచర్. వీడు చచ్చిపోలేదు ఈసారి" అంది గడబిడని చూపిస్తూ.

ఇన్నేళ్లలో ఆమె చాలాసార్లు గర్వపడింది, కానీ ఇలా ఛాతీ నొప్పెట్టేలా ఎప్పుడూ పడలేదు. కళ్లలో నీళ్లు చూస్తే పిల్లలు కంగారుపడతారని, లేచి ఊరికే ఒకరి కాలరు సర్దింది.

కబురందిన తల్లి మెడలో టేపు అలాగే వేలాడుతుండగా, ఒంటినిండా దారప్పోగులతో రొప్పుతూ వచ్చింది. ఇక ఈ పిల్ల ఆటలు ఇంతటితో సరి అని అక్కడున్న పెద్దవాళ్లందరూ అనుకున్నారు. పిచ్చుక తల్లిని ఎగాదిగా చూసింది.

"అమ్మా, ముందు నువ్వు కూర్చో. మెల్లగా పీల్చు."

తల్లి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఇంట్లో ఆయాసమొస్తే తన కొంగు పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చే పిల్ల ఇదేనా అనుకుంది. "ఏడవలేదా టీచరుగారూ, అస్సలు?"

"లేదమ్మా. మేమే ఏడుద్దామనుకుని, ఇది తిడుతుందని మానేశాం."

తల్లి పిల్ల తల నిమిరి, గడబిడ బుగ్గ గిల్లి, "డాక్టరుకి ఒకసారి చూపించుకొస్తా. రేపు పంపిస్తాలెండి" అంది. అని, "ఆటకే" అని కలిపింది.

పెద్ద టీచరమ్మ ఆ సాయంత్రమే పక్క మేడకు వెళ్లి, మట్టి తడపకుండా, బడి వదలకుండా ఇటుక ముట్టుకుంటే ఊరుకోనని తేల్చి చెప్పి వచ్చింది. పని అయ్యేదాకా ఆటలు హాల్లో పెట్టించింది. ఆ వారంలోనే మూడో తరగతిని తరగతి తరగతికీ పంపి, పెద్దపిల్లలకీ టీచర్లకీ కూడా ఆ పాఠం చెప్పించింది. పిచ్చుక చెబుతుంటే ఆటల టీచరు ఆఖరి బెంచీలో చేతులు కట్టుకుని విన్నది. "పడుకోబెడితే ఏమవుతుంది?" అని ఐదో తరగతివాడు అడిగాడు. "ఊపిరి ఇంకా కష్టమవుతుంది. నాకు తెలుసు, నువ్వు నమ్ము" అంది పిచ్చుక. వాడు నమ్మాడు.

ఏడాది చివర పరుగుపందేలకి తల్లిదండ్రుల్ని పిలిచారు. గోడ పొడుగునా జనం. మూడో తరగతి వంతు రాగానే పిల్లలు కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు దూసుకుపోయారు. పిచ్చుక తన లెక్కలో తను, ఊపిరి చూసుకుంటూ, మొహం ఎర్రగా చేసుకుని పరిగెత్తింది. గడబిడ తన నానమ్మకి చెయ్యి ఊపడానికి మధ్యలో ఆగిపోవడంతో వాణ్ణి దాటేసి చివరి గీత దాటింది.

గెలిచిన పిల్ల తండ్రి చప్పట్లు కొడుతూ, పక్కనున్న కుట్టుపని ఆవిడతో, "మొదట వచ్చింది మా అమ్మాయండీ" అన్నాడు.

"అలాగా, సంతోషం" అందావిడ, మెడ నిక్కించి. "అదిగో, ఆ చివరి నుంచి రెండోది చూశారూ? అది మా అమ్మాయి."