రెండు పెన్నుల చార్టు

దొంగ రీడింగు ఎలా రాస్తారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గొప్పలు పోవడం లేదు, నా ఉద్యోగమే అది. మందులు నిల్వ చేసే శీతల గిడ్డంగిలో సూపర్‌వైజర్‌ని. ఆరు గదులు, గదికో థర్మామీటరు. రెండు గంటలకోసారి డ్యూటీలో ఉన్న మనిషి వెళ్ళి, అంకె చూసి, రిజిస్టర్లో రాయాలి. వెళ్ళకుండా కుర్చీలో కూర్చుని రాసేవాళ్ళని పట్టుకోవడం నా పని. వాళ్ళు నాకు పెట్టిన పేరు సీసీ కెమెరా. నా వెనకే అంటారు గానీ నాకు వినపడేలాగే అంటారు.

పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. పన్నెండు అంకెలూ ఒకే వాలుతో ఉంటాయి, ఒకే సిరాతో ఉంటాయి. ఒక్క కొట్టివేత ఉండదు. కిందటేడు ఒక పెద్దాయన ఇలాగే దొరికితే, అందరి ముందూ రిజిస్టరు ఆయన మొహం ముందు పెట్టి, "థర్మామీటరు మీ కల్లోకొచ్చి చెప్పిందా అండీ?" అని అడిగాను. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆయన తలెత్తలేదు.

ఇంతటి నేను ఇంట్లో ఎలా ఉంటానో చెబితే గిడ్డంగిలో పండగ చేసుకుంటారు. స్టవ్ మీద పాలు పెట్టిన సంగతి మాడు వాసన వస్తే గానీ గుర్తురాదు. తాళంచెవి ఫ్రిజ్‌లో దొరుకుతుంది. ఒకసారి బ్యాంకులో మా ఆయన్ని వరసలో నిలబెట్టి, ఇప్పుడే వస్తానని బయటికి వెళ్ళి, బస్సు కనపడితే ఎక్కి ఇంటికొచ్చేశాను. ఆయన గంటన్నర చూసి, నడిచి వచ్చారు. తిట్టలేదు. చెప్పులు విప్పుతూ, "నిన్ను ఓసారి డాక్టరుకి చూపిద్దామే" అన్నారంతే.

ప్రభుత్వాసుపత్రిలో పేరు రాయించుకుంటే ఏడాదిపైన ఆగాలన్నారు. అందుకని ప్రైవేటుకి వెళ్ళాం. నలభై మూడేళ్ళు వచ్చాక తెలిసింది, నాకున్నది బద్ధకం కాదు, నిర్లక్ష్యం కాదు, మనసుని ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అని. డాక్టరు నాకంటే పదేళ్ళు చిన్నవాడు, మితభాషి. చిన్న డోసు మాత్ర రాసి, నాలుగు వారాల చార్టు ఒకటి చేతిలో పెట్టాడు. పొద్దున, సాయంత్రం బీపీ, గుండె వేగం, నిద్ర, ఆకలి.

"ఇది చూశాకే డోసు పెంచాలో తగ్గించాలో చెప్తాను. చార్టు లేకుండా వస్తే మాత్ర కూడా రాయనమ్మా" అన్నాడు.

ఆ మాత్ర ఏం చేసిందో చెప్పాలి. మా ఆయన లిఫ్టు మెకానిక్. మొదటి వారంలో ఓ పొద్దున, ఎనిమిదో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టు సంగతి మొదలుపెట్టారు. నేను మధ్యలో లేవలేదు, ఫోను తీయలేదు. మొత్తం విన్నాను. ఆయన చెప్పడం ఆపి నా వంక అనుమానంగా చూసి, "ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఆయన మాట చివరిదాకా వినడం అదే మొదలు. కాకపోతే మధ్యాహ్నానికి ఆ పట్టు జారిపోయేది. ఇంకొంచెం డోసు పెరిగితే సాయంత్రాలు కూడా నా చేతికొస్తాయని ఒకటే ఆశ. ఆ మాత్ర నాకు కావాలి. ఎలాగైనా కావాలి.

చార్టు నాలుగు రోజులు రాశాను. అయిదో రోజు బీపీ మిషన్లో బ్యాటరీలు అయిపోయాయి. మా ఆయన ఆ సాయంత్రమే కొత్తవి వేశారు. మిషను అలమారలోకి వెళ్ళింది, నా బుర్రలోంచి కూడా వెళ్ళిపోయింది. ఆయన మాత్రం మర్చిపోలేదు. రోజూ పొద్దున బూట్లు వేసుకుంటూ, "చూసుకున్నావా?" అని అడిగేవారు. నేను వేరే ఏదో పనిలో ఉండి "ఆఁ" అనేదాన్ని. కొన్నాళ్ళకి అది అబద్ధమన్న సంగతి కూడా పట్టేది కాదు.

నాలుగు వారాలు గడిచాక, క్లినిక్‌లో నా వంతు కోసం కూర్చుని ఫైలు తెరిస్తే ఇరవై నాలుగు రోజులు ఖాళీగా నా మొహంలోకి చూస్తున్నాయి. నా ముందు ఇంకా ముగ్గురున్నారు.

ఏం చేశానో దాచను. రిసెప్షన్‌లో ఇంకో పెన్ను అడిగి తెచ్చుకుని, నా నీలం పెన్నుతో ఆరు రోజులు, ఆ నల్ల పెన్నుతో నాలుగు రోజులు, మళ్ళీ నీలం. ఒక రోజువి చార్టు పక్కకి తిప్పి పెట్టుకుని రాశాను, వాలు మారాలి కదా. సున్నాలు, అయిదులు ఎక్కువ పడకుండా చూసుకున్నాను. రెండు చోట్ల కొట్టేసి దిద్దాను. ఒక సాయంత్రం ఖాళీ వదిలేశాను, నమ్మకం కుదరడానికి. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నా జన్మలో ఇంత ఏకాగ్రతతో ఏ పనీ చేయలేదు. సీసీ కెమెరా కూడా పట్టుకోలేని చార్టు అది.

నర్సు బీపీ చూసి కాస్త ఎక్కువుందని చెప్పింది. డాక్టరు నా చార్టు తిరగేశాడు.

"ఇక్కడికొచ్చేసరికి అందరికీ కొంచెం పెరుగుతుందిలే. ఇంట్లో అంకెలు బాగున్నాయి కదా. ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళు నాకు తగల్లేదమ్మా" అని డోసు రెట్టింపు చేశాడు.

మెచ్చుకుంటే అంత సిగ్గేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. అయినా మందుల చీటీ జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆయన చార్టు జిరాక్సు చూసి ఎంత మురిసిపోయారంటే, అయస్కాంతం పెట్టి ఫ్రిజ్ తలుపుకి అంటించారు.

కొత్త మాత్ర మొదలుపెట్టిన ఆరో రోజు ఆదివారం. పొద్దున బట్టలు ఆరేస్తుంటే గుండె గొంతులోకి వచ్చినట్టయింది. చేతిలో క్లిప్పు నిలవడం లేదు. మా ఆయన చూసి, కూర్చోబెట్టి, తనే బీపీ మిషన్ పట్టీ చుట్టారు. నూట యాభై రెండు, తొంభై ఎనిమిది. గుండె నూట ఇరవై ఒకటి.

ఆయన ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి చార్టు చూశారు. "నెలంతా గుండె ఎనభై దాటలేదే! ఈ మిషన్ పోయినట్టుంది." తన చేతికి పెట్టుకుని చూసుకున్నారు. డెబ్బై నాలుగు. ఇంకోసారి, డెబ్బై మూడు. "మిషన్ బానే ఉంది. అయితే మాత్రల్లోనే తేడా. నీకు వేరే మందేదో కట్టబెట్టారు!" అని మాత్రల పెట్టె జేబులో వేసుకుని గబగబా బయల్దేరారు.

వీధి చివరే మందుల షాపు. ఆయన వెనకే వెళ్ళాను. మెట్ల మీద చెప్పొచ్చు, గేటు దగ్గర చెప్పొచ్చు. రెండూ దాటేశాను. ఆయన నా కోసం అంత కోపంగా నడుస్తుంటే వెనకనుంచి పిలిచి ఏమని చెప్పను?

షాపులో అయిదారుగురున్నారు. మా ఆయన పెట్టె బల్ల మీద పెట్టి, "ఏం మందిచ్చారమ్మా మా ఆవిడకి? గుండె ఆగిపోతే ఎవరు దిక్కు?" అని అరిచారు. మందులిచ్చే ఆవిడ పెట్టె తిప్పి చూసింది, కంప్యూటర్లో చీటీ తీసి చూసింది. లోపల్నుంచి యజమాని వచ్చాడు.

"నువ్వేనా ఇచ్చింది? ఒకటికి రెండుసార్లు చూసివ్వమని ఎన్నిసార్లు చెప్పాను!"

"చూసే ఇచ్చానండీ."

"చూసిస్తే ఇలా ఎందుకవుతుంది?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ ఆవిడనే చూస్తున్నారు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, ఆవిడ ఉద్యోగం పోతుంది. ఆ ఒక్క నిమిషం నోరు మూసుకోవాలనే నాకు అనిపించింది. అది ఒప్పుకోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

"మాత్రల్లో తప్పు లేదండీ" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినపడింది. "చార్టులో తప్పుంది. నేను బీపీ చూసుకోలేదు. మర్చిపోయాను. అంకెలన్నీ క్లినిక్‌లో కూర్చుని రాసేశాను. అవి చూసి డాక్టరుగారు డోసు పెంచారు."

వరసలో ఎవరో "అమ్మో" అన్నారు. మా ఆయన నా వైపు తిరిగారు. అర్థం కానట్టు చూశారు, తర్వాత అర్థమైంది. భూమి చీలితే అందులోకి దూరిపోయేదాన్ని.

ఏడిపించింది మేమైనా, స్టూలు తెచ్చి వేసింది ఆవిడే. "ముందు మీరు కూర్చోండి" అని నీళ్ళిచ్చి, డాక్టరుకి ఫోను కలిపిచ్చింది. అదంతా మళ్ళీ ఫోన్లో చెప్పాను.

"రేపు మాత్ర వేసుకోకండి. ఛాతీలో నొప్పి గానీ, కళ్ళు తిరగడం గానీ ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. లేకపోతే రేపు పొద్దున్నే రండి." ఫోను పెట్టేసే ముందు అన్నాడు, "మర్చిపోయానని చెప్తే సరిపోయేది కదమ్మా. మనం మందు వాడుతున్నదే దానికి."

మా ఆయన ఆ మందులావిడకి చేతులు జోడించారు. "తొందరపడ్డానమ్మా, ఏమీ అనుకోకండి" అన్నారు. యజమానికి కూడా విడిగా చెప్పారు. తప్పు నాది, దండం ఆయనది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి వస్తున్నంతసేపూ ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచారు. గేటు దగ్గర ఆగారు.

"రోజూ పొద్దున అడిగాను కదే."

"ఆఁ అన్నాను."

"మర్చిపోయానంటే కొరికేస్తానా?"

"లేదండీ. ఇదింకా మారలేదు, దీనికి మందు కూడా దండగే అనుకుంటారేమోనని." అది నిజం. అంతకు మించి నా దగ్గర వేరే కారణం లేదు. "సిగ్గేసిందండీ" అన్నాను.

ఆయన గేటు తీసి లోపలికి వెళ్ళిపోయారు.

సోమవారం డాక్టరు మళ్ళీ పాత చిన్న మాత్రే రాసి, కొత్త చార్టు ఇచ్చాడు. మంగళవారం పొద్దున లేస్తూనే మిషన్ తీశాను. పట్టీ చుట్టుకుని, కదలకుండా కూర్చుని, అంకె వచ్చేదాకా ఊపిరి బిగబట్టినంత పని చేశాను. ఆయన గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నారు. ఏమీ అడగలేదు. నేనే ఎదురెళ్ళాను.

"చూసుకున్నానండీ! నూట ఇరవై ఆరు, ఎనభై రెండు. గుండె ఎనభై నాలుగు!"

ఆయన బూటు తాడు ముడి వేసుకోవడం పూర్తిచేశారు. నా మొహం వైపు చూడలేదు.

"ఏదీ, మిషన్ ఇలా తే" అన్నారు.

తెచ్చి ఇచ్చాను. మిషన్ తెర మీద వెలుగుతున్న మూడు అంకెలూ ఒక్కొక్కటే చూసి, చార్టు తీసుకుని తన పెన్నుతో తనే రాశారు. మిషను, చార్టు రెండూ తన సంచీలో పెట్టుకున్నారు. కోపం లేదు గొంతులో. ఉన్నా బాగుండేది.

"సాయంత్రం నేనొచ్చాక చూద్దాం" అన్నారు.

"అలాగేనండీ" అన్నాను.